ఆలస్యంగా వచ్చిన రిలీవరు

రాయగడ రైల్వే స్టేషన్లో తాతాజీ రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తన తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన రిలీవరు రానిదే దిగకూడదన్న రూలును ముప్పై ఏళ్లుగా పాటిస్తూనే, ఆలస్యంగా వచ్చిన ప్రతి రిలీవరునీ ప్లాట్‌ఫాం అదిరేలా తిట్టేవాడు.

ఈ ఏడు క్వార్టర్ చూరుకు పట్టిన తేనెపట్టుకు పొగపెట్టి, ఈగలన్నిటినీ తరిమేశాడు. నెల తిరిగేసరికి పెరట్లో గుమ్మడిపాదు విరగబూసింది గానీ ఒక్క పిందె నిలవలేదు. ఎరువు వేశాడు. దిష్టికి పాత చెప్పు కట్టాడు. ఏం లాభం లేకపోయింది.

"ఈగల్ని నువ్వే తోలేసేవు గదా! ఆటి డూటీ ఇంక నువ్వే సెయ్యి," అంది భార్య సింహాచలమ్మ.

ఆ రోజు నుంచి తాతాజీ తెల్లారగానే మగపువ్వు కోసి, దాని పుప్పొడిని ఒక్కో ఆడపువ్వుకూ అద్దడం మొదలుపెట్టాడు. నడుం పట్టేసింది. కాలనీ అంతా గోడ మీంచి చూసి నవ్వింది.

"జీతం నేదు, సెలవు నేదు, ఎలా సేసీవో ఏటో!" అని ఈగల్ని తలుచుకుని గొణిగేవాడు.

పదో రోజు అతని చేతిలోని పువ్వు మీదే ఓ తేనెటీగ వచ్చి వాలింది. తాతాజీ ఊపిరి బిగబట్టాడు. తిట్టడానికి లేచిన గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"లేటయినా పర్నేదు. రేపు కూడా రా తల్లీ," అన్నాడు.