మిసెస్ హార్పర్‌కి కనిపించని ఎడమవైపు

2007. షామ్‌బర్గ్ దగ్గర ఒక రీహాబ్ హాస్పిటల్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌గా నాకది ఆరో ఏడు. జబ్బుపడి లేచినవాళ్లకు స్నానం, బట్టలు, భోజనం, చదువు లాంటి రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించడం మా వృత్తి.

మిసెస్ హార్పర్ ముప్ఫై ఏళ్లు మిడిల్ స్కూల్‌లో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యారు. మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వచ్చి, లెఫ్ట్ నెగ్లెక్ట్ మిగిలింది. అంటే కళ్లు పనిచేస్తాయి గానీ ఎడమవైపు అనేది ఒకటుందన్న ధ్యాసే మెదడుకి ఉండదు. ఆవిడ ప్లేటులో కుడి సగం తిని, ఇంకా ఆకలిగా ఉందనేవారు. తల కుడివైపే దువ్వుకునేవారు. పేపర్ ఇస్తే ప్రతి లైనూ మధ్యలోంచి మొదలుపెట్టి, అర్థం కాక, ఈ మధ్య ప్రూఫులు దిద్దేవాళ్లే లేరని విసుక్కునేవారు.

ఇలాంటివాళ్లకు పేజీ ఎడమ అంచున ఎర్ర టేప్ అంటించి, అది కనిపించేదాకా తల తిప్పమంటాం. నేను చెప్పినంతసేపూ ఆవిడ తిప్పేవారు. నేను ఆపితే చూపు మళ్లీ కుడికే. మూడు వారాలు గడిచాయి. ప్రోగ్రెస్ లేదని రాస్తే ఇన్సూరెన్స్ వాళ్లు థెరపీ ఆపేస్తారు. ఇక ఇంటికి వెళ్లడం ఉండదు, మంచానపడ్డవాళ్లని శాశ్వతంగా ఉంచే నర్సింగ్ హోమే గతి. ఆ మాట భర్త వాల్టర్‌తో చెప్పాను.

మర్నాడు ఆయన ఒక అట్టపెట్టె తెచ్చారు. రిటైరైన రోజున ఆవిడ స్కూల్ డెస్క్‌లోంచి ఇంటికొచ్చిన పుస్తకాలట. పాతవి చూస్తే మనసు పెడుతుందేమోనని ఆయన ఆశ. గ్రామర్ పుస్తకాల అడుగున ఇంగ్లిష్‌లోకి అనువదించిన నాలుగు జపనీస్ కామిక్స్ ఉన్నాయి. పిల్లలు క్లాసులో దొంగతనంగా చదువుతుంటే లాక్కున్నవి. అప్పట్లో ప్రతి పిల్ల బ్యాగులోనూ ఇవే ఉండేవనీ, వీటివల్ల చదువు మంటగలిసిందని ఆవిడ ఇంటికొచ్చి తిట్టేదనీ వాల్టర్ చెప్పారు.

నాకూ వాటిమీద గౌరవం లేదు. ఊరికే ఒకటి తెరిచాను. ఇది చివరి పేజీ అనీ, పుస్తకం తిప్పి అటునుంచి చదవమనీ రాసుంది. జపాన్‌లో ఉన్నట్టే కుడి నుంచి ఎడమకు బొమ్మలు నడిచేలా అచ్చేశారు. ఆవిడ చూపు ఎప్పుడూ పోయే చోటే ఈ కథ మొదలవుతుంది.

మిసెస్ హార్పర్‌కి ఇస్తే మొహం చిట్లిస్తూనే అందుకున్నారు. మొదటి పేజీలో కుడివైపు బొమ్మల్లోని పొట్టి పొట్టి మాటలు పైకి చదివారు. ఒక్క మాట తప్పు పోలేదు.

"చూశావా వాణీ, ఇది సరిగ్గా అచ్చేశారు."

మూడో పేజీలో కుడి అంచున ఒక అమ్మాయి ఏడుస్తూ, ఎందుకు దాచావని ఎవరినో నిలదీస్తోంది. మిసెస్ హార్పర్ ఆగిపోయారు.

"ఎవర్ని అడుగుతోంది?"

ఎడమకు చూడండి అనబోయాను. వాల్టర్ వద్దన్నట్టు వేలు చూపించారు. ఆవిడ గడ్డం మెల్లగా కదిలింది. మెడ తిరిగింది. ఎవరూ చెప్పకుండా తిరగడం అదే మొదటిసారి.

"వాళ్ల అన్నని. ఇదిగో, ఇక్కడున్నాడు."

చూపు అక్కడ ఆగలేదు. పేజీ దాటి ఇంకా ఎడమకు వెళ్లింది. మేం చెప్పామని వాల్టర్ మూడు వారాలుగా రోజూ ఆ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు.

"నువ్వెప్పుడొచ్చావు?" అని అడిగారావిడ.

"ఇప్పుడే" అన్నారాయన. నేను చార్ట్ రాస్తున్నట్టు తల దించుకున్నాను.

ఐదు వారాల తర్వాత ఆవిడ ఇంటికే వెళ్లారు. కారు మాత్రం మళ్లీ నడపలేదు. పేపర్ ఎర్ర టేప్ సాయంతో నిదానంగా చదివేవారట. అవే కామిక్స్ తర్వాత ఇంకో ఇద్దరికి ఇచ్చాను. ఒకరికి కాస్త పనికొచ్చింది, ఇంకొకరు మొదటి పేజీలోనే విసిరికొట్టారు. కాబట్టి అది మందని నేనెవరికీ చెప్పను.

మూడు వారాలు ఆవిడని తల తిప్పమని చెప్పానే గానీ, ఎడమవైపు చూడటానికి ఒక్క కారణం కూడా ఇవ్వలేకపోయాను. ఇప్పుడు కొత్త పేషెంట్ వస్తే పరీక్షలకంటే ముందు ఇంట్లోవాళ్లను ఒకటే అడుగుతాను: ఈ మనిషి ఏ సంగతి తెలుసుకోకుండా ఉండలేరు?