కదలని బండిలో తబూక్ మంచు

చలికాలం మొదట్లో అటక మీంచి దించిన హీటరు వేయగానే, ఏడాది పొడవునా దాని తీగల మీద పేరుకున్న ఎడారి దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. మొన్న రియాద్‌లోని మా ఫ్లాట్ నిండా ఆ వాసనే. మా ఆయన సోఫాలో కూర్చుని, సెలవులకు అద్దెకు తీసుకోబోతున్న మోటార్‌హోమ్ ఫోటోలు పాపకు చూపిస్తున్నాడు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్న బండి. ముందు ఉనైజా, తర్వాత అల్ ఉలా, తబూక్, అక్కణ్ణించి సముద్రం ఒడ్డునే కిందికి రావాలని ఆలోచన. విజిట్ వీసా మీద వచ్చిన మా అమ్మ శాలువా కప్పుకుని హీటరు పక్కన కూర్చుని అంతా వింది.

"మీరెళ్ళి రండే. అయ్యన్నీ నేను చూసేసినయ్యే," అంది.

నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ ఎక్కడికీ కదలడం లేదు. ఈసారి ఎలాగైనా కదిలించాలని నా పంతం. అలాగని ఆవిడ అబద్ధమూ ఆడలేదు. ఆ ఊళ్ళన్నీ మేం చూశాం, గుమ్మం దాటకుండానే.

అప్పట్లో మేం ఉనైజాలో, అమ్మ నర్సుగా చేసే ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న దూరంగా తూర్పు తీరాన, జుబైల్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. రెండు వారాలకోసారి, గురు, శుక్రవారాల సెలవుకి, బుధవారం సాయంత్రం బస్సు దిగి, ఇనుపరజను, గ్రీజు కలిసిన వాసనతో ఇంట్లోకి వచ్చేవాడు. చలికాలమంటే నాకు ఆ వాసన, అమ్మ స్వెట్టరుకంటిన డెట్టాల్ వాసన, పొద్దున్నే పొగలు కక్కే తమీస్ రొట్టె, ఖర్జూరప్పాకంతో యాలకులు వేసి ఆ ఊరివాళ్ళు చేసే బిళ్ళల్ని చాయ్‌లో ముంచుకుని తినడం, వాన పడ్డ మర్నాడు తోటల వైపు నుంచి వచ్చే తడిమట్టి గాలి. మా స్కూల్లో పిల్లలందరూ శుక్రవారాలు ఇసుకలో గుడారం వేసుకుని అన్నాలు తిని వచ్చేవారు. మాకు మాత్రం, నాన్న ఇంట్లో ఉంటే అమ్మకు డ్యూటీ, అమ్మకు సెలవు దొరికితే నాన్నకు ఫ్యాక్టరీ ఆపి చేసే షట్‌డౌన్ పని. నలుగురం వరసగా నాలుగు రోజులు ఒక్కచోట నిద్రలేచిన జ్ఞాపకమే లేదు. పదో తరగతి అయిపోతే నన్ను ఇండియాలో హాస్టల్లో వేస్తారు. అందుకే ఆ ఏడు నాకింకేదీ వద్దనిపించింది, ఆ నాలుగు పొద్దులు చాలు.

ఆ సంగతి నేను నోరు విడిచి అన్నానో, ముఖం చూసి వాళ్ళే గ్రహించారో గానీ, ఎండాకాలంలోనే ఏర్పాట్లు మొదలయ్యాయి. ఓనంకీ, ఈదుకీ తోటి నర్సుల నైట్ డ్యూటీలన్నీ అమ్మ తన నెత్తిన వేసుకుంది. దానికి బదులు క్రిస్మస్ వారం వాళ్ళు అమ్మ డ్యూటీలు చేస్తామన్నారు. నాన్న ఒక పఠాన్ దగ్గర పాత వ్యాన్ కొన్నాడు. వచ్చినప్పుడల్లా మోకాళ్ళ మీద దూరి, సీట్లు పీకేసి, ఇనుప యాంగిళ్ళతో నాలుగు మంచాలు, ఒక బల్ల, గిన్నెలు కడిగే తొట్టి అతికించాడు. నేనూ తమ్ముడు బాబీ ఆ మంచాల మీద ఎగిరి దూకితే చూసి మురిసిపోయేవాడు.

"ఏనుగెక్కినా ఊడదు. మన వెల్డింగంటే ఏటనుకున్నారు!" అనేవాడు.

నిజంగానే ఊడలేదు. అదే కొంప ముంచింది. ప్రయాణానికి ముందు ఫహస్‌కి, అంటే బండి తనిఖీకి తీసుకెళ్తే, అక్కడి మనిషి తలుపు తీసి లోపలికి తొంగిచూసి, సీట్లు ఏవని అడిగాడట. మంచాలు తీసేస్తే గాని రోడ్డెక్కనివ్వనన్నాడట. విప్పుకునేలా బోల్టులు పెట్టాల్సినచోట, పదేళ్ళుగా చేయి తిరిగిన అలవాటు కొద్దీ, నాన్న అన్నీ నేలరేకుకే వెల్డు చేసి పారేశాడు. కోయాలంటే అడుగు మిగలదు. బండిని క్వార్టర్స్ వెనక్కి తెచ్చి ఆపి, దిగకుండా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మా నాన్న అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అమ్మ అరిసెల డబ్బా, జంతికల డబ్బా, ఆవకాయ సీసా పట్టుకుని బండెక్కింది. ఆసుపత్రి మంచాలకు వేసినట్టే దుప్పట్ల మూలలు బిగించి మడిచింది. కర్టెన్లు దగ్గరికి లాగి, లోపల కాగితం స్టారు కట్టింది. ఆ రోజుల్లో అక్కడ మా పండగలు బయటికి కనపడకూడదు, క్రిస్మస్ స్టారు కర్టెన్ల వెనకే వెలిగేది. తర్వాత తల మీద కొంగు కప్పుకుని, "దారిలో ఏ అపాయం రానీయకు తండ్రీ," అని నిజం ప్రయాణానికి చేసినంత శ్రద్ధగా ప్రార్థన చేసింది.

"ఊఁ, పోనియ్యండి," అంది నాన్నతో.

నాన్న ఒక క్షణం ఆవిడకేసి చూసి, ఆపి ఉన్న బండికి గేరు వేశాడు.

ఆ వారమంతా బండిలోనే తిన్నాం, బండిలోనే పడుకున్నాం. పాల డెయిరీల ఊరు అల్ ఖర్జ్ వచ్చిన రోజున లబన్ మజ్జిగ సీసాలు ఖాళీ చేశాం, అక్కడి ఆవుల్ని బాబీ 'అంబా' అని అరిచి చూపించాడు. అల్ ఉలా కొండలు ఎంత ఎర్రగా ఉంటాయో నాన్న చేతులు తిప్పుతూ చెబుతుంటే కిటికీలోంచి ఆసుపత్రి నీళ్ళ ట్యాంకు కనిపించినా నాకు కొండే అనిపించింది. నాన్న పనిచేసే చోటు చూడాలని నేను పేచీ పెడితే మాత్రం, జుబైల్‌లో చూడ్డానికేం లేదమ్మా, దాటిపోదాం అన్నాడు. తబూక్‌లో మంచు పడుతుందని విని మంచు కావాలని గోల చేసినప్పుడు, అమ్మ ఇంట్లోకి పరిగెత్తి, ఫ్రిజ్ పైఅరలో మందంగా పేరుకున్న మంచును చెంచాతో గీరి, గిన్నెడు తెచ్చి మా అరచేతుల్లో పోసింది. వేళ్ళు తిమ్మిరెక్కేదాకా పట్టుకుని కూర్చున్నాం. అంత సుఖంగా నేను మళ్ళీ ఏ ప్రయాణమూ చేయలేదు.

ఆ క్వార్టర్స్ పడగొట్టేశారు. బండిని తుక్కుకింద ఇచ్చేస్తే, మంచాలు ఊడదీయలేక ఆ తుక్కువాడు నానా తిట్లూ తిట్టాడట.

మొన్న ఈ కథంతా విన్న మా పాప అమ్మమ్మ ఒళ్ళోకెక్కి కూర్చుంది.

"అయితే నాకూ ఆ మంచు కావాలి అమ్మమ్మా," అంది.

అమ్మ నవ్వుకుంటూ చెంచా తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ పైతలుపు తీసి, గోడలు తడిమింది. ఇప్పటి ఫ్రిజ్‌లకు మంచు పట్టదు. లోపల తెల్లగా, పొడిగా, నున్నగా ఉంది.  వెనకాలే వెళ్ళిన నావైపు తిరిగింది.

"ఇందులో లేదేటే," అంది, తలుపు మెల్లగా మూస్తూ. "అయితే తబూక్ ఎళ్ళాల్సిందే. నా స్వెట్టరెక్కడెట్టావో చూడు."