వంతెన దాటని రొట్టె

సైన్యపు కాపలా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. జూలై నెల. తొమ్మిది రోజులుగా వాన ఆగలేదన్నారు. మోకాలి దాకా ఎర్ర బురద. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, పైన రైఫిలు. నేను వంటవాడిగా చేరినవాణ్ణి. ఎనిమిది మందే ఉన్న పోస్టులో వంటవాడు కూడా కాపలా కాయాలి.

ఈశాన్యపు కొండలవి. కింద వాగు, దాని మీద వెదురు వంతెన. ఇటొక ఊరు, అటొక ఊరు. జాతులు వేరు, రెండు ఊళ్లవాళ్లూ క్రైస్తవులే. ఆదివారం రెండు చర్చిల గంటలూ ఒకేసారి మోగేవి. మిగతా రోజులు ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకునేవారు. పోస్టు కమాండరు, గఢ్వాలీ హవల్దారు, మొదటి రోజే చెప్పాడు. ఊరివాళ్లెవరూ వంతెన దాటకూడదు. మనం మాత్రం తొమ్మిదికి అటు గస్తీకెళ్లి పదకొండుకి రావాలి.

రెండో ఆదివారం ఏడింటికి ఇటు ఊరి పాస్టరు వచ్చాడు. ముసలాయన. రబ్బరు బూట్లు, చేతిలో తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె. అటు ఊరి పాస్టరు చనిపోయాడట. వాళ్లకి ప్రభుబల్ల, అంటే ప్రభువు పేరిట విరిచే రొట్టె, ఇచ్చే దిక్కు లేదు. ఒకే రొట్టెలో సగం ఇక్కడ విరిచాను, సగం వాళ్లకి చేరాలి, తీసుకుంటామని కబురు పెట్టారు, ఇది తిన్నవాడి చెయ్యి కత్తి పట్టేముందు కాస్త ఆగుతుంది అన్నాడు, వచ్చీరాని హిందీలో.

హవల్దారు రేడియోలో పైవాళ్లని అడిగి, వాళ్ల జవాబు చెప్పాడు.

"మనిషి దాటకూడదు. రొట్టె దాటొచ్చు."

అయితే గస్తీకెళ్లేవాళ్లలో బల్ల తీసుకునే విశ్వాసి చేతికే ఇస్తానన్నాడు పాస్టరు. మాలో విశ్వాసిని నేనొక్కణ్ణే. నేను చెయ్యి చాపలేదు.

మొగల్తూరు దగ్గర మా ఊరి చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. తోబుట్టువుతో తగాదా ఉన్నవాడు బల్ల ముట్టడు. ముందురోజు సంఘపెద్ద ఇంటింటికీ తిరిగి అడుగుతాడు. మా తమ్ముడు తన అరెకరంలో రొయ్యల చెరువు తవ్వించాడు. ఉప్పు ఊట నా వరిలోకి దిగింది. మూడేళ్లుగా మాటల్లేవు. అదే పాస్టరుకి చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"ముందు అక్కడ సర్దుకో. నేను ఆదివారం ఆదివారం వస్తాను."

నాకప్పటికి అక్షరం రాదు. రేడియో ఆపరేటరుది శ్రీకాకుళం. కాగితం తీశాడు.

"ఏటి రాయమంటావు?"

"ఉప్పు సంగతి వదిలేశానని రాయి."

"మూడేళ్ల తగువుకి ఒక్క ముక్కేనా? క్షమించమని రాసీమంటావా?"

"వద్దు." అతను కలం మూత పెట్టబోయాడు. "సరే, రాయి."

జవాబు రావాలి కదా అని కూర్చున్నాను. పాస్టరు మరో నాలుగు ఆదివారాలు వచ్చాడు. వానలో తొమ్మిది దాకా రాయి మీద కూర్చునేవాడు. నావైపు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. వెళ్లిపోయేవాడు. రొట్టె ముక్కకి ఇంత ఆలోచనేటని ఆపరేటరు అడిగాడు. నేను గిన్నెలు తోముకున్నాను. ఆ పోస్టులో ఏడుగురి మధ్య నేనొక్కణ్ణే ఉన్నట్టుండేది.

ఆ తర్వాతి బుధవారం ఉదయం ఐదున్నరకి అటువాళ్లు ఎగువన వాగు దాటొచ్చి ఇటు ఊరికి నిప్పు పెట్టారు. మేం చేరేసరికి చర్చి కప్పు కూలిపోయింది. మధ్యాహ్నానికి మిగిలినవాళ్లని లారీల్లో శిబిరానికి పంపించాం. ప్రతి లారీ ఎక్కి చూశాను. పాస్టరు లేడు.

శుక్రవారం ఉత్తరం వచ్చింది. ఆపరేటరు చదివాడు.

"అన్నయ్యా, చెరువు చుట్టూ కాలవ తీయించాను. ఇక నీ వరికి ఉప్పు రాదు. నువ్వు ముట్టని బల్ల నేనూ ముట్టలేదు. త్వరగా రా."

ఆదివారం ఏడింటికి చేతులు కడుక్కుని వంతెన దగ్గర నిలబడ్డాను. తొమ్మిది దాకా ఎవరూ రాలేదు.

ఆ రొట్టె మంటని ఆపేదో లేదో నాకు తెలియదు. మోయాల్సినవాణ్ణి నేను. మా కట్టుబాటు తప్పు కాదు. ఉత్తరం పంపిన రోజే నా వైపు తగువు తీరింది; ఆ వచ్చే ఆదివారమే చెయ్యి చాపకుండా జవాబు కోసం కూర్చోవడం నా తప్పు.

పదకొండు నెలలకి తిరిగొచ్చాను. నరసాపురం స్టేషనుకి తమ్ముడు సైకిలేసుకొచ్చాడు. ఆ ఆదివారం పక్కపక్కన మోకరించి బల్ల తీసుకున్నాం. నలభై ఆరేళ్లకి అక్షరాలు దిద్దాను, ఇంకెప్పుడూ నా మాట ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని.

ఇప్పటికీ చర్చిలో రొట్టె పళ్లెం నా ముందుకొచ్చినప్పుడు మా ఊరి పాస్టరు గారి చేతులు కనపడవు. వానలో చాచిన రెండు ముసలి చేతులు కనపడతాయి. తడిసిన తెల్లగుడ్డ అంచు నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి.