డాగ్ కాలర్ అంగీ

కరోనా తగ్గి, జనం మాస్కులు తీసేశాక వచ్చిన మొదటి ఎండాకాలంలో నన్ను గోదావరి వైపు ఒక టౌన్ పోలీస్ స్టేషన్‌కు బదిలీ చేశారు. స్టేషన్ పేరు రాయను. జరిగిన తప్పు నాది, ఆ ఊరిది కాదు. అప్పటికి నేను హెడ్ కానిస్టేబుల్‌ని. పుట్టి పెరిగింది ఇల్లందులో, బొగ్గుబాయి క్వార్టర్లలో, అంటే గని కార్మికుల ఇళ్లలో. మా నాయన బాయిలోనే పనిచేసి రిటైరయ్యాడు.

కొత్త స్టేషన్‌లో నాకు ఇచ్చింది క్రైమ్ టీమ్‌లో మఫ్టీ డ్యూటీ. మఫ్టీ అంటే యూనిఫాం లేకుండా మామూలు బట్టల్లో ఉండి కాపలా కాయడం. బస్టాండు నుంచి గుడి దారి దాకా ఉన్న బజారు నా వంతు. ఒక చెప్పుల షాపు ముందు స్టూలు వేసుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు పొద్దంతా కూర్చునేదాన్ని. పని లేనిదని షాపు ఓనరు మొదట్లో నన్ను తిట్టుకునేవాడట, తర్వాత తెలిసి నవ్వాడు.

ఈ డ్యూటీ చెయ్యాలంటే మనుషుల్ని చూడటం ఇష్టముండాలి. నాకు అది చిన్నప్పటి నుంచీ ఉంది. కొత్తగా గుండు కొట్టించుకున్నవాళ్లు నాలుగు అడుగులకోసారి తల తడుముకుంటారు. బ్యాగులు కొట్టేవాడు ఎదుటివాళ్ల ముఖం చూడడు, చేతులు చూస్తాడు. బాయి పనివాళ్లు ఎంత రుద్ది స్నానం చేసినా కనురెప్పల వెంట కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలే ఉంటుంది. ఇవన్నీ ఏ ట్రైనింగులోనూ చెప్పరు, కూర్చుని చూసి నేర్చుకోవాల్సిందే.

ఆ ఏడు బజారులో ఒక వింత మొదలైంది. కాలేజీ పిల్లలు తాతల కాలం నాటి బట్టలు వేసుకుని తిరుగుతున్నారు. మగపిల్లలకు బెల్ బాటమ్ ప్యాంట్లు. ఆడపిల్లలకు తాతల చొక్కాలు, చేతులు మోచేతుల దాకా మడిచి, జీన్స్ మీదికి. డాగ్ కాలర్ అని పొడుగు మొనలతో ఒక కాలర్ ఉండేది, ఇప్పటివాళ్లకు తెలియదు. దాన్ని కత్తిరించే అట్ట నమూనా కోసం గుడి దారిలోని ముసలి టైలరు అటకంతా దులిపాడు. ఒకమ్మాయిని అడిగాను, కొత్తవి దొరకవా తల్లీ అని. "కొత్తయి అందరికీ ఉంటయ్ ఆంటీ. గిది మా ఇంట్ల ఒక్కటే ఉన్నది" అంది. నాకు ముచ్చటేసింది. మా అమ్మ పఫ్ చేతుల జాకెట్టు ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. నాకు పట్టదు, అయినా పారెయ్యలేను.

మే నెల రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఇల్లందు వైపు నుంచి మా స్టేషన్ వాట్సాప్ గ్రూపుకు మిస్సింగ్ మెసేజీ వచ్చింది. రాజలింగు, రిటైర్డు బొగ్గుబాయి కార్మికుడు, డెబ్బై దాటిన మనిషి, మతిమరుపు. షుగరుంది, గోలీలు వెంట లేవు. పొద్దున్నే పెట్టె తీసి, వయసులో ఉన్నప్పటి చొక్కా తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు. మా టౌన్ బస్టాండులో దిగినట్టు కండక్టర్ చెప్పాడు. డిస్క్రిప్టివ్ రోల్, అంటే ఎత్తు, రంగు, గుర్తులు, ఒంటి మీది బట్టలు రాసే కాగితం, దానితో పాటు ఒక పాత స్టూడియో ఫొటో పంపారు. ఫొటోలో రాజలింగు పాతికేళ్లవాడు, అదే చొక్కాలో ఉన్నాడు. వక్కపొడి రంగు గుడ్డ మీద అరచేయంత పసుపు పూలు, డాగ్ కాలర్. ఇన్నేళ్లయినా రంగు పోని టెర్లిన్ గుడ్డ అది.

ఆ ఎండలు ఎట్లాంటివో మా వైపువాళ్లకు చెప్పక్కర్లేదు. పదకొండు దాటితే కుక్కలు కూడా రోడ్డెక్కవు. ఆ ముసలాయన ఒంటరిగా రెండో రోజు దాటడం కష్టమని అందరికీ తెలుసు. ఆయన బిడ్డ సరిత గంటకోసారి ఫోన్ చేసింది. "మేడమ్, నాయిన నీళ్లు కూడా అడిగి తాగడు, సిగ్గువడ్తడు" అని ఏడ్చింది. దొరికేదాకా నేను ఇంటికి పోనని ఆమెకు మాటిచ్చాను. ఆ సాయంత్రం నలుగురం బజారంతా అడిగాం. పాతకాలం బట్టల మనిషి కనిపించాడా అని అడిగితే, అందరూ కాలేజీ పిల్లల్ని చూపించారు. ఒక జ్యూస్ బండి అతనైతే, "ఏ ఒక్కడని జెప్పాలె మేడమ్, అందరు గట్లనే తిరుగుతున్నరు గదా" అన్నాడు. రాత్రంతా సత్రాలు చూశాం. దొరకలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకు నా కళ్లముందు ఆ చొక్కా నడిచి వెళ్లింది. అదే వక్క రంగు, అవే పూలు, అదే కాలర్. వేసుకున్నది ఇరవై ఏళ్ల అమ్మాయి. ఫోన్‌లో ఆ చొక్కా ఫొటో తీసి, పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. తేడా లేదు. ఈ చొక్కా ఈ పిల్ల ఒంటి మీద ఉందంటే ఆ ముసలాయన ఒంటి మీద లేదు. మరి ఆయన ఏమయ్యాడు? నా కన్ను పొరపడదని నాకు గర్వం కూడా ఉండేది, దాచను. పిల్ల పక్కకు వెళ్లి, అరవకుండా, స్టేషన్ దాకా రమ్మన్నాను.

ఇక్కడ రూలు చెప్పాలి. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో నూట అరవయ్యో సెక్షన్ ప్రకారం సాక్షిగా అడగాల్సిన మనిషి ఆడది అయితే స్టేషన్‌కు పిలవకూడదు. ఆమె ఉండే చోటికి మనమే వెళ్లాలి. ఆ రూలు నాకు నోటికి వచ్చు. తొందర పని కదా, పది నిమిషాల్లో తేలిపోతుంది కదా అనుకున్నాను. మా ఎస్సై కుర్రాడు, మంచివాడే, కానీ పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. "ఎస్తేరమ్మ గారూ, భలే పట్టారు" అన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను.

అమ్మాయి పేరు శ్రావణి. దుమ్ముగూడెం దాటాక పర్ణశాలకు ఇవతల చిన్న ఊరు వాళ్లది. టౌన్‌లో కంప్యూటర్ కోర్సుకు వస్తుంది. అడిగిన మొదటి ప్రశ్నకే జవాబు చెప్పింది.

"గిది మా తాత అంగి మేడమ్. పోయినేడు సచ్చిపోయిండు. పెట్టెల ఉంటే తీస్కున్న."

ఫొటో చూపించాం. చూసి, ఇతనెవరో తెలియదంది. ఎస్సై నమ్మలేదు. నేనూ నమ్మలేదు. చొక్కా ఫొటోను సరితకు పంపితే, "అవ్, నాయినదే" అని గట్టిగా చెప్పింది. ఇంకేం కావాలి మాకు? ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఆ ముసలాయన్ని ఎక్కడ చూశావు అని తిప్పి తిప్పి అడిగాం. పిల్ల ఏడవలేదు. ముఖం గట్టిగా పెట్టుకుని, అడిగిన ప్రతిసారీ అదే మాట చెప్పింది. ఇంటికి ఫోన్ చేయించాం. తల్లి, నాయనమ్మ ఆటో మాట్లాడుకుని పరుగున వచ్చి స్టేషన్ ముందు రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. మాట తేలేదాకా లోపలికి రానివ్వొద్దన్నాడు ఎస్సై. నేను అడ్డు చెప్పలేదు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. మాకు రాజలింగు గురించి ఒక్క ముక్క కొత్తగా తెలియలేదు. టీమంతా పిల్ల చుట్టూ తిరుగుతోంది, బజారులో వెతికేవాళ్లు లేరు. నాకు లోపల ఏదో గుచ్చుకోవడం మొదలైంది. అబద్ధం చెప్పేవాళ్లు రెండోసారి అడిగితే కొంచెం కలుపుతారు, మూడోసారి కొంచెం తీసేస్తారు. ఈ పిల్ల ఒక్క అక్షరం మార్చలేదు. సరితకు ఫోన్ చేసి ఇంట్లో ఉన్న అసలు ఫొటోను ఫొటో తీసి పంపమన్నాను. ఎందుకో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. మాకు వచ్చింది ముఖం పెద్దగా కనిపించేలా కత్తిరించిన ముక్క. అప్పటిదాకా అందరం ముఖం, చొక్కా మాత్రమే చూశాం. అసలుది వచ్చేలోగా నేను ఆ ముక్క అంచు చూశాను. రాజలింగు భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. ఆ చేతి మీద చొక్కా గుడ్డ ఉంది, దాని మీద పసుపు పువ్వు ఉంది.

రెండు గంటలకు అసలు ఫొటో వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు, ఒకే చొక్కా, భుజాల మీద చేతులు. రెండో అతనెవరని సరితను అడిగాను.

"నాయిన దోస్తు సమ్మయ్య మేడమ్. బాయిల ఇద్దరు ఒక్క జట్టు. పండుగొస్తే ఒకటే తానుల గుడ్డ గొని ఇద్దరు కుట్టించుకునేటోళ్లు. జట్టోళ్లందరు గట్లనే జేసేది."

నా నెత్తిన ఎవరో మొట్టినట్టయింది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. మా నాయన జట్టులో నలుగురు పండగపూట ఒకే గుడ్డ చొక్కాల్లో నవ్వుతూ మా గడప ముందు నిలబడటం చిన్నప్పుడు చూశాను. బాయి లోపల పైకప్పు కూలితే చెయ్యి పట్టి లాగేది జట్టువాడే, అందుకే బయట కూడా ఒకటే గుడ్డ. క్వార్టర్లలో పుట్టిన నేను, ఒక చొక్కా కనిపించగానే రెండోది ఎక్కడో ఉంటుందని అనుకోవాల్సింది పోయి, దొంగను పట్టానని మురిసిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

శ్రావణి తాత పేరు అడిగాను. సమ్మయ్య. రిటైరయ్యాక భార్య పుట్టిన ఊరికి వచ్చి స్థిరపడ్డాడు. అంటే రాజలింగు పెట్టె తీసి ఆ చొక్కా వేసుకుని బయల్దేరింది ఎక్కడికో ఇక అడగక్కర్లేదు. దోస్తు పోయిన సంగతి ఆయనకు చెప్పారో లేదో, చెప్పినా గుర్తుండదు.

"మీ ఇంట్లో ఇప్పుడెవరున్నారు?" అన్నాను.

"ఎవరుంటరు మేడమ్. అమ్మ, నాయనమ్మ మీ షెడ్డు కిందనే ఉన్నరు గదా. తాళమేసి వచ్చిన్రు."

ఎస్సైకి ఒక్క మాటలో చెప్పి జీపు తీయించాను. శ్రావణి, తల్లి, నాయనమ్మ, నేను. ఊళ్లో దిగేసరికి నాలుగు కావస్తోంది. ఇంటికి తాళం. ఎండకు ఊళ్లో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎదురింటి ఆమెను లేపితే చెప్పింది, పొద్దున పదకొండుకు పర్ణశాల బస్సు దిగి ఒక ముసలాయన వచ్చాడని, అచ్చం సమ్మయ్య అంగీ లాంటిదే తొడుక్కున్నాడని, సమ్మయ్య ఉన్నాడా అని అడిగాడని. "వాళ్ల పిల్లను పోలీసోళ్లు వట్కపోయిన్రు, అందరు ఆడికే పోయిన్రు అని జెప్పిన. అరుగు మీద కూసున్నడు. నేను లోపట పండుకున్న, మళ్ల చూడలే" అంది.

తలా ఒక దిక్కు వెళ్లాం. ఊరి చివర బస్సు షెల్టరు వెనక సన్నటి నీడలో, గోడకు ఆనుకుని ఒరిగి ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. ఒళ్లు పొయ్యి మీది పెనంలా కాలిపోతోంది, చెమట లేదు. పెదవులు పగిలిపోయాయి. నేను కొంగు తడిపి తల మీద వేశాను. శ్రావణి పక్కన కూర్చుని తల ఒళ్లోకి తీసుకుంది. ఆయన కళ్లు సగం తెరిచి ఆ పిల్ల చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"సమ్మిగా, ఏడ వోయినవ్‌రా? ఇంటికి తాళమున్నది."

ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. "ఈడనే ఉన్న, ఎటు వోలే" అంది.

జీపులో దవాఖానాకు తెచ్చాం. పది రోజులు ఉన్నాడు, బతికాడు. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, వెనకటిలా లేచి తిరగలేకపోయాడు. ఎండ ముదరకముందే దొరికి ఉంటే ఇంత జరిగేది కాదని డాక్టరు మామూలుగానే అన్నాడు. ఆయనకు తెలియదు, ఆ మాట ఎవరికి తగులుతుందో.

సాయంత్రం దవాఖానా వరండాలో శ్రావణికి క్షమాపణ చెప్పాను. యూనిఫాం వాళ్లు చెప్పే అలవాటు లేని మాట అది, తడబడ్డాను. ఆ పిల్ల నన్ను సూటిగా చూసింది.

"మొదటిసారే జెప్పిన గద మేడమ్. మీరు అంగిని నమ్మిన్రు, నన్ను నమ్మలే."

జీడీలో, అంటే స్టేషన్‌లో జరిగిందంతా గంటల వారీగా రాసే జనరల్ డైరీలో, నమ్మదగిన సమాచారం మేరకు వెతికి పట్టుకున్నాం అని రాస్తే చాలన్నాడు ఎస్సై. అట్లా రాస్తే నాకు శభాష్ వచ్చేది కూడా. నేను ఒప్పుకోలేదు. ఫలానా శ్రావణిని నిబంధనకు విరుద్ధంగా నేను స్టేషన్‌కు తెచ్చానని, అందువల్ల ఆమె ఇంటికి తాళం పడిందని, వెతుకుతున్న మనిషి అదే ఇంటికి వచ్చి తిరిగిపోయాడని నా చేతి రాతతో ఎక్కించి సంతకం పెట్టాను. ఎస్సై ఆ రోజు నాతో మాట్లాడలేదు. తర్వాత ఛార్జ్ మెమో వచ్చింది, ఏఎస్సై ప్రమోషన్ వెనక్కి పోయింది. రావాల్సిందే వచ్చింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆలస్యంగానైనా ఏఎస్సైనయ్యాను, అదే హోదాలో రిటైరయ్యాను. ఆ మధ్యలో నా కింద పనిచేసిన ప్రతి మహిళా కానిస్టేబుల్‌కూ ఈ సంగతి చెప్పాను. ఆడమనిషిని అడగాల్సి వస్తే ఇంటికి వెళ్లండి. ఆ రూలు ఆమె మర్యాద కోసమని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. మర్యాద సరే, మన పని కోసం కూడా అది కావాలి. ఆ రోజు నేను రూలు ప్రకారం శ్రావణితో పాటు వాళ్ల ఇంటికి వెళ్లి ఉంటే, పదకొండు గంటలకు రాజలింగు తలుపు తట్టినప్పుడు తీసేదాన్ని నేనే.