మడుగు మారిన చేపలు

మాది చేపల కూర లేనిదే ముద్ద దిగని ఇల్లు. అలాంటి నన్ను పెళ్లయిన కొత్తలోనే డుంబ్రిగుడ అవతల కొండల్లో రోడ్డు పనుల క్యాంపుకి తీసుకెళ్లారు మా ఆయన. డెబ్బైల చివరి మాట. ఆయన వర్క్ ఇన్‌స్పెక్టర్. మాకో రేకుల షెడ్డు, దాని కిందే గెడ్డ అని వాళ్లు పిలిచే కొండవాగు, గెడ్డలో లోతైన మడుగు. ఆ నీళ్ల చల్లదనం తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది నాకు. మడుగులో మూరెడేసి చేపలు రాగిరంగు పొలుసులతో తిరుగుతుంటే, చూసిన మొదటిరోజే ఉల్లిపాయలు తరిగి కూర్చున్నాను.

"ఆటి జోలికెల్లకమ్మా, మా తల్లి సేపలవి" అంది నీళ్లకొచ్చిన ముసలమ్మ. అమ్మవారి సొత్తని ఊళ్లో వాటిని ఎవరూ తినరు సరికదా, చేత్తో తాకనైనా తాకరు. కింది గెడ్డల్లో మందు పేల్చి పట్టేవాళ్ల ధర్మమా అని ఆ రకం ఇంకెక్కడా మిగల్లేదట. ఉల్లిపాయలు పప్పులో వేసుకున్నాను.

వేసవికి వంతెన పని మడుగు దగ్గరికొచ్చింది. పునాదికి బండ పేల్చాలి. పేలిస్తే మడుగులో ఒక్క చేపా బతకదు. ముసలమ్మ మా గుమ్మంలో కూలబడింది.

"పై మడుగులోకి మార్సీయమ్మా. మేం ముట్టుకుంటే తప్పు. నీకా కట్టు లేదు కదా."

దీని అసాధ్యం కూల అనుకున్నాను. ప్రాణంగా చూసుకునేవాళ్లు తాకకూడదు, పులుసు పెట్టుకుందామనుకున్న నేను మోయాలి! కూలీలకు అప్పగిస్తే సాయంత్రానికి పొయ్యి మీద ఉంటాయి.

"ఒక్కరోజు పని ఆపించండి" అన్నాను మా ఆయనతో.

"పైవాళ్లు నా తోలు తీస్తారే."

"తియ్యనీండి. ఆపకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."

ఆపారు పాపం. ఇద్దరం మొలలోతు నీళ్లలోకి దిగి నా పాత నేతచీరనే వలగా పట్టాం. వంట డేగిసా తెస్తే ముసలమ్మ ఒప్పుకోలేదు. "కూరొండిన గిన్నెలో ఏటి, తల్లికి కోపమొత్తాది" అంది. చేసేదేముంది, అమ్మ సారెలో పెట్టిన కొత్త ఇత్తడి గంగాళం తెచ్చాను. చెరో చెవి పట్టుకుని రాళ్ల మీదుగా పై మడుగుకి మోశాం. ఊరి ఆడవాళ్లు ఎడంగా నడుస్తూ "బేగి, బేగి" అని తరుముతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. దారిలో రెండు చేపలు వెల్లకిలా తేలాయి. ఆడవాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు. నా కోపం ఎటు పోయిందో తెలీదు.

మర్నాడు బండ పేల్చారు. పై మడుగులో మాత్రం ఒక్క చేపా కనపడలేదు. రోజూ వెళ్లి చూసేదాన్ని. ముసలమ్మ మా షెడ్డు వైపు రావడం మానేసింది. అన్నిటినీ చంపేశాను కాబోలని నాకు అన్నం సయించేది కాదు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున ముసలమ్మే వచ్చింది. "రాయే గుంటా" అని కూతుర్ని పిలిచినట్టు పిలిచి పై మడుగుకి తీసుకెళ్లింది. కొంగులోంచి చోళ్లు, అదే రాగులు, తీసి, తను చల్లకుండా నా దోసిట్లో పోసింది.

"నువ్వెయ్యి. నీ సెయ్యి ఎరికే ఆటికి."

వేశాను. కాసేపు నీళ్లు కదల్లేదు. తరవాత ఒక రాగి వీపు పైకొచ్చింది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. వాటి పక్కన వేలెడంతేసి పిల్లలు. అక్కడే ఒడ్డున రాయి మీద కూలబడి ఏడ్చేశాను.

ముసలమ్మ నా పక్కన కూర్చుని, "పురిటింటికొచ్చి ఏడుత్తారేటే?" అంది.