యేసుమణి ముందుగా పెట్టిన కృతజ్ఞత కూడిక

గిద్దలూరులో మా సంఘంవాళ్ళ ఇళ్ళలో కష్టం వస్తే అంబులెన్సు కంటే ముందు యేసుమణి వస్తుంది. చంకలో సంచి, సంచిలో ప్రార్థన నూనె సీసా. నూనె నుదుట రాసి ప్రార్థన మొదలుపెడుతుంది. అది ఎక్కడ మొదలవుతుందో మాకు తెలుసు గానీ ఎక్కడ ముగుస్తుందో ఆమెకే తెలియదు. ఒకసారి పొయ్యి మీద పప్పు పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఆమేన్ అనేసరికి ఇల్లంతా మాడు వాసన. అది సాతాను శోధన అని తేల్చింది యేసుమణి. గిన్నె తోమింది మాత్రం నేను.

మనిషి చెడ్డది కాదు. ప్రభుత్వ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. భర్త పోయిన మూడో రోజే బడికి వచ్చి గరిటె పట్టుకుంది. ఆమె ఏడ్చినట్టు ఎవరూ చూడలేదు. తను ఏడవలేదు కాబట్టి లోకంలో ఎవరూ ఏడవకూడదని అప్పుడే తీర్మానం చేసుకుంది.

రెండేళ్ళ క్రితం మా ఆయన ఆనంద్ ట్రాక్టరు మీది నుంచి పడ్డాడు. మార్కాపురం ఆస్పత్రిలో కళ్ళు తెరవకుండా ఉంటే నేను వరండాలో కూర్చుని ఏడుస్తున్నాను. యేసుమణి బస్సెక్కి వచ్చింది. అన్నం తిన్నావా, నీళ్ళు తాగావా అని అడగలేదు.

"ఏందక్కా ఈ ఏడుపు? ఏడ్చేది అవిశ్వాసం. నువ్వు ఇట్ల ఏడిస్తే దేవుడికి ఎంత అవమానం" అని పదిమంది ముందు కడిగేసింది.

మా ఆయన లేచి కూర్చున్నాక ఆ గొప్ప కూడా తన నూనెకే రాసుకుంది. ఆస్పత్రిలో ఆమె అన్న మాట మాత్రం నేను మరిచిపోలేదు. ఎప్పుడో ఒకరోజు తిరిగి అప్పజెప్పాలని దాచుకున్నాను. క్షమించాలని ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను. వినడానికేం.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఆమె రొమ్ములో గడ్డ తగిలింది. ఇక్కడి డాక్టరమ్మ చూసి, ఆలస్యం చేయకుండా గుంటూరు వెళ్ళి పరీక్ష చేయించుకోమంది. యేసుమణి గుంటూరు వెళ్ళలేదు. ఇంటి ముందు షామియానా వేయించింది.

మాలో ఒక ఆచారం ఉంది. జబ్బు తగ్గితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పి, వచ్చినవాళ్ళకు భోజనం పెడతాం. తగ్గాక పెట్టేది మామూలు విశ్వాసం, తగ్గకముందే పెట్టేది అసలు విశ్వాసం అని యేసుమణి సిద్ధాంతం. మా పాస్టరు ఫిన్నీ అయ్యగారు ఒక నిమిషం ఆలోచించారు. కోడి బిర్యానీ అని తెలిశాక సరేనన్నారు. ఆమె మైకు పట్టుకుని గడ్డ కరిగిపోయిందని చెప్పింది. స్తోత్రం అని అందరం అరిచాం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. పెరుగుపచ్చడి బాగా కుదిరింది.

చిక్కు ఏమిటో ఆమెకు ఆ తర్వాత తెలిసొచ్చింది. గుంటూరు బండి ఎక్కితే చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుంది. ఎక్కకపోతే గడ్డ ఊరుకోదు. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. అంత ఎండల్లోనూ కొంగు నిండుగా కప్పుకుని తిరిగింది. కుడిచేయి పైకి లేవక ఎడమచేత్తో సాంబారు కలపడం నేనే చూశాను. ఏమైందంటే "అంతా కృప" అంది. మాకు అనుమానం రాక కాదు. అడిగితే మనది అవిశ్వాసమైపోతుంది, పైగా తిన్న నోరు. ఎవరం అడగలేదు.

మే రెండో ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె లేచి నిలబడింది. మేము అలవాటుగా స్తోత్రానికి గొంతు సవరించుకున్నాం.

"గడ్డ కరగలా. పెద్దదైంది. ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం. నాకు భయంగా ఉంది" అంది.

ఈరోజు ఎండ ఎక్కువ అన్నా స్తోత్రం పలికే సంఘం మాది. ఆ మాటకు మాత్రం ఒక్క నోరూ పెగల్లేదు. ఫిన్నీ అయ్యగారు, "అమ్మా, నీ కోసం నలభై రోజులు ఒకరి తర్వాత ఒకరం గొలుసు ప్రార్థన పెడదాం" అన్నారు.

"పెట్టండయ్యగారూ. దాంతోపాటు ఎవురన్నా ఒకరు గుంటూరు దాకా తోడు రాండి. ఒక్కదాన్నే పోలేను."

షామియానా కింద అరవైమంది తిన్నాం. అరవైమందిమీ చాప మీది పూలు చూస్తూ కూర్చున్నాం. సంఘ పెద్ద సంజీవరావుకు ఉన్నట్టుండి మైకు వైరు సరిచేయాల్సిన పని పడింది. నేను వస్తానని చెప్పాను. ప్రేమ అనుకునేరు. దాచుకున్న మాట అప్పజెప్పడానికి అంత తీరికైన ప్రయాణం మళ్ళీ దొరకదు.

మంగళవారం పొద్దున రైలెక్కాం. మార్కాపురం రోడ్డు స్టేషను దాటాక ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ముక్కు చీదుకుంటూ, ఎదుటి సీటువాళ్ళు వేరుశనక్కాయలు ఒలవడం ఆపి చూసేలా ఏడ్చింది. నా మాట సిద్ధంగా ఉంది. రెండేళ్ళు నూరి పెట్టుకున్నాను. పళ్ళ దాకా వచ్చింది.

"అక్కా, బావ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వేడుస్తుంటే తిట్టినాను గదా. అప్పుడు నీకు ఇట్లనే ఉన్నిందా?" అని ఆమే అడిగింది.

"ఇట్లనే ఉన్నింది" అన్నాను.

నాకూ ఏడుపొచ్చింది. అంతకాలం దాచుకున్న మాట ఎందుకూ పనికిరాకుండా పోయినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

కురిచేడులో బండి ఆగింది. యేసుమణి నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసుకుందామంది. ఇక గుంటూరు దాకా ఇదే పని అనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, భయంగా ఉంది. పక్కనే ఉండు" అంది.

బండి కదిలి, స్టేషను దాటి చాలాదూరం పోయింది. మిగతా ప్రార్థన కోసం నేనింకా కళ్ళు మూసుకునే ఉన్నాను.