మా దొడ్డిలో పాతిన రాగి

మీ ఇంట్లో పిల్ల ఉన్నట్టుండి కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతే, మీరు ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తుతారు? తొందరపడి డాక్టరని చెప్పకండి. నలుగురిలో అందరూ ఆ మాటే అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏడుస్తూ ఎదురుగా నిలబడినప్పుడు ఏం చేస్తారో, అది చెప్పండి.

నా చిన్నప్పుడు మావాళ్ళు ఏం చేశారో నాకు బాగా తెలుసు. ఆ పడిపోయిన పిల్లని నేనే.

బెజవాడలో మాది రెండు వాటాల అద్దె ఇల్లు. ఒక వాటాలో మేము, రెండో వాటాలో మేము పక్కింటి అక్క అని పిలిచే ఆవిడ, మంచం పట్టిన వాళ్ళమ్మ. వెనకాల రెండు వాటాలకీ కలిపి ఒక్కటే దొడ్డి. నాలుగు మంచాలు వాలిస్తే నిండిపోయేంత చోటు. అందులోనే ఒక కరివేపాకు చెట్టు, ఒక మల్లెపాదు, బట్టలుతికే బండ. మా నాన్నకి ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అమ్మ నెమ్మది మనిషి. ఇంట్లో మాట చెల్లేది మా మామ్మది, అంటే నాన్నవాళ్ళ అమ్మది.

నేను రెండోసారి బడిలో పడిపోయాక, తగ్గేదాకా పంపొద్దని హెడ్‌మిస్ట్రెస్ కబురు చేసింది. తగ్గలేదు. వంటింట్లోకి వెళితే పొయ్యి మీద పడతానని, మెట్లెక్కితే జారతానని, వీధిలోకి వెళితే నలుగురూ చూస్తారని మామ్మకి భయం. నన్ను వెనక గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టేవారు. తలుపుకి వేపమండలు, నా మెడకీ జబ్బకీ తాయెత్తులు. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అడిగినవన్నీ వండి పెట్టేవారు. ప్రేమగా వేసిన గొళ్ళెం మీద తిరగబడడం ఎంత కష్టమో, లోపల ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

పడిపోయినప్పుడల్లా మామ్మ పరిగెత్తుకొచ్చి తాళాలగుత్తి నా గుప్పిట్లో పెట్టి గట్టిగా బిగించేది. ఇనుము తగిలితే ఫిట్సు ఆగుతుందట. కాసేపటికి ఆగేది. అది ఎలాగూ దానంతటదే ఆగేది. పేరు మాత్రం తాళాలకి దక్కేది, అరచేతిలో గాట్లు నాకు దక్కేవి.

ఆ గదికి ఒక కిటికీ ఉంది, దొడ్డివైపు. దాని ఎదురుగానే అక్కవాళ్ళ కిటికీ. అక్క ఫిజిక్స్ చదువుకుంది. కాలేజీలో ఉద్యోగం కూడా చేసింది. వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చాక మానేసి, ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెప్పేది. గంటకోసారి తల్లిని పక్కకి తిప్పాలి కాబట్టి, ఆవిడ వీధి చివర దాకా వెళ్ళినా గబగబా తిరిగి వచ్చేసేది. నాకు బయట గొళ్ళెం, ఆవిడకి లోపల. అంతే తేడా.

అయితే ఆవిడకి ఒక రేడియో ఉండేది. పాటలు వినే రేడియో కాదు. మనం మాట్లాడితే ఎక్కడో దేశం అవతల ఉన్న మనిషి విని, తిరిగి మాట్లాడే రేడియో. హామ్ రేడియో అంటారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. అలాంటి రేడియోకి యాంటెనా కట్టాలంటే మామూలుగా పొడవాటి తీగని రెండు చెట్ల మధ్య సాగదీయాలి. మా దొడ్డిలో అంత జాగా ఎక్కడిది? అందుకని మూల చిన్న దిమ్మ కట్టించి, దాని మీద ఒక అల్యూమినియం గొట్టం నిలువుగా నిలబెట్టింది. ఇంటి కప్పుకంటే కాస్త ఎత్తు, అంతే. ఉండాల్సినంత పొడవు లేదు కాబట్టి ఆ లోటు తీర్చడానికి గొట్టం మధ్యలో దగ్గర దగ్గరగా చుట్టిన తీగ చుట్ట. కింద మట్టిలో, గొట్టం మొదలు నుంచి నాలుగు వైపులకీ, చెట్టుకి వేళ్ళు పాకినట్టు రాగి తీగలు. నేలలో ఆ తీగలు లేకపోతే పైన గొట్టం ఉన్నా లేనట్టేనని ఆవిడ చెప్పింది. వాటిని నాలుగు వేళ్ళ లోతున పరిచి మట్టి కప్పుతుంటే నేను కిటికీలోంచి చూశాను.

సాయంత్రాలు వాళ్ళమ్మ నిద్రపోయాక అక్క మైకు పట్టుకునేది. గరగరల మధ్య ఎవరిదో గొంతు తేలేది. ఒకసారి అవతలి ఆయన మీ మాట చాలా బాగా వినపడుతోంది అన్నాడు. నేను కిటికీలోంచి చప్పట్లు కొట్టాను. అక్క నా వైపు తిరిగి నవ్వింది.

"మర్యాదకి అందరూ అలాగే అంటారే. ఏం వినపడిందో చెప్పమని అడుగుతా, ఉండు."

అడిగింది. ఆయన ఆవిడ పేరు తప్పు చెప్పాడు, ఊరు ఇంకా తప్పు చెప్పాడు. అక్క విసుక్కోలేదు. మళ్ళీ చెప్పింది, మళ్ళీ అడిగింది. ఆయన సరిగ్గా తిరిగి అప్పగించాకే పలకరింపు పూర్తయినట్టు. వాళ్ళ పద్ధతి అదట. విన్నానంటే చాలదు, విన్నది తిరిగి చెప్పాలి. రోజంతా చేసే పనేమీ లేని నేను ఆ పద్ధతిని ఆటలా నేర్చుకున్నాను. అమ్మ తలుపు బయట నుంచి వింటున్నానులే అంటే, ఏం విన్నావో చెప్పు అనేదాన్ని. పాపం, అమ్మ చెప్పలేకపోయేది.

ఒకరోజు మామ్మ కరివేపాకు చెట్టు మొదట్లో పాదు చేస్తుంటే గునపానికి రాగి తీగ తగిలింది. లాగితే ఇంకా వచ్చింది. ఆవిడ గునపం అక్కడే వదిలేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. మన ప్రాంతంలో నేలలో రాగి కనపడిందంటే దాని అర్థం అందరికీ తెలుసు కదా. ఎవరో రాగి రేకు మీద మంత్రం రాయించి పాతారు, పిల్ల మీద చేతబడి చేయించారు. నా జబ్బుకి ఇన్నాళ్ళకి కారణం దొరికింది.

అక్క వచ్చి అది తన రేడియో తీగేనని చెప్పింది. ఓపిగ్గా, బొమ్మ గీసి మరీ చెప్పింది. మామ్మ అంతా విని ఒక్క మాట అంది.

"రేడియో గాల్లోంచి వస్తుందని నువ్వే కదమ్మాయ్ అంటావు. గాల్లోంచి వచ్చేదానికి నేలలో రాగెందుకు?"

నిజం చెప్పాలంటే మంచి ప్రశ్నే. జవాబు కూడా ఉంది. కానీ వినడానికి అక్కడ ఎవరూ లేరు. మామ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఆవిడ హనుమాన్ జంక్షన్ అవతల ఉండే ఒక గురువుగారి దగ్గరికి వెళ్ళి, రాగి తీగ ముక్క చూపించి, ఏడ్చి వచ్చింది. అక్క చెప్పిన సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. తను నమ్మని మాటని అంత దూరం మోసుకెళ్ళడం ఎందుకనుకుంది కాబోలు. ఆదివారం ఆయన వచ్చి దొడ్డి చూస్తాడని, చూశాక నన్ను తన వెంట తీసుకెళ్ళి నయమయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంటాడని తేలింది. అక్కడ ఇలాంటి వాళ్ళని ఎలా ఉంచుతారో పాలు పోసే ఆవిడ అమ్మకి చెబుతుంటే నేను విన్నాను. స్తంభాలకి కడతారు. రాత్రీ పగలూ.

మా నాన్న ఎవరనుకుంటున్నారు? లారీ తెచ్చిన డ్రైవరు ఫలానాది పోయిందండీ అంటే, ఇంజను విప్పి చూడకుండా ఔననని మనిషి. అలాంటివాడు సొంత కూతురి విషయంలో ఏదీ విప్పి చూడకుండా తల ఊపాడు. దేవుడి పేరు వినగానే చేతిలో పానా కింద పడేసే మగవాళ్ళని ఆ తర్వాత నా జీవితంలో చాలామందిని చూశాను. అందరికంటే ముందు చూసింది మాత్రం మా ఇంట్లోనే.

ఆదివారం గురువుగారు వచ్చాడు. దొడ్డిలో కుర్చీ వేశారు. గోడ అవతల వీధి జనం. నా బట్టల సంచీ అమ్మ చేతిలో. నేను కిటికీ ఊచల వెనక. మూల నిలబడిన గొట్టాన్ని ఆయన చూశాడు గానీ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఏ ఇంటికి చూసినా టీవీ గొట్టమే కదా. అరచేతిలో నిమ్మకాయ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇక్కడి రాగి మాట్లాడుతోందని, పిల్లని పేరు పెట్టి పిలుస్తోందని, తనకి స్పష్టంగా వినపడుతోందని అన్నాడు.

అలవాటైన నోరు. ఊరుకోలేకపోయాను.

"ఏమంటోందండీ?" అన్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "చూశారామ్మా. అదే పిల్ల నోట్లోంచి నన్ను అడుగుతోంది."

మామ్మ భోరుమంది. అమ్మ సంచీని గుండెలకి హత్తుకుంది. ఆ క్షణంలో నాకు పట్టిన భయం ఎలాంటిదో చెబుతాను. నేను మాట్లాడకపోతే అది నా నోరు నొక్కేసిందంటారు. మాట్లాడితే అదే మాట్లాడిందంటారు. ఏడిస్తే అది ఏడ్చినట్టు. నవ్వితే ఇక చెప్పక్కర్లేదు. గదికి గొళ్ళెం ఒకవైపే ఉంటుంది, ఎవరైనా తీయొచ్చు. ఆయన అన్న ఈ మాటకి మాత్రం ఎటు చూసినా గొళ్ళెమే. లోపల ఉన్న మనిషి ఏం చేసినా అది ఇంకాస్త బిగుసుకుంటుంది.

అప్పుడు అక్క తన వాటాలోంచి దొడ్డిలోకి వచ్చింది. చేతులు జోడించి, గోడ అవతలికి కూడా వినపడేలా చెప్పింది. "గురువుగారూ, ఆ రాగి పాతింది నేనేనండి. మీరు చెబితే ఇప్పుడే తీసేస్తాను."

జనం గుసగుసలు. మామ్మ ముఖం నేను చూడలేకపోయాను. అక్క అలాగే చేతులు జోడించుకుని, మీకు దాని మాట వినపడుతోంది కాబట్టి అది ఏ ఆకారంలో ఉందో, ఎంత లోతులో ఉందో, ఎక్కడ ఉందో కూడా మీరే చెప్పాలండీ, నేను చెబితే దాచానంటారు అంది. ముగ్గుపిండి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఉన్నచోట గీయమంది.

ఆయన వెనక్కి తగ్గలేని చోట నిలబడ్డాడు. దొడ్డంతా తిరిగి, బట్టలుతికే బండ పక్కన ముగ్గుపిండితో సున్నా చుట్టాడు. మామ్మ చూపించిన తీగ పైన కట్టిందేనట, కింద ఉన్నవి రాగి రేకులట. కుండలో పెట్టి మూత బిగించారట. మోకాలి లోతట. అక్క ప్రతి మాటనీ అందరికీ వినపడేలా తిరిగి చెప్పింది. రేకులు. కుండ. మోకాలి లోతు. అంతేనా గురువుగారూ? అంతే అన్నాడు. సరిగ్గా రేడియోలో అడిగినట్టే అడిగింది. దొడ్డిలో ఆ సంగతి అర్థమైంది నా ఒక్కదానికే.

తవ్వింది నాన్న. అక్క గునపం ఆయన చేతికిచ్చింది. "మీరే తవ్వండి బాబాయ్ గారూ. ఇంజను మీరే విప్పుతారుగా" అంది మెల్లగా. నాన్న మోకాలి లోతు తవ్వాడు. ఇటుక ముక్కలు వచ్చాయి, ఒక పాత సీసా మూత వచ్చింది. ఇంకా తవ్వాడు. నీటి చెమ్మ వచ్చింది. కృష్ణమ్మ పక్కనున్న ఊళ్ళో ఎక్కడ తవ్వినా వచ్చే చెమ్మే. గురువుగారు అది పక్కకి జరిగిందన్నాడు, మల్లెపాదు కిందికి పోయిందన్నాడు. నాన్న పాదు పక్కన కూడా తవ్వాడు. ఏమీ లేదు.

అక్క మూలకి వెళ్ళి, గొట్టం మొదట్లో వంగి, వేలితో మట్టి గీరి ఒక తీగ కొస పట్టుకుంది. లేచి నిలబడి మెల్లగా పైకెత్తింది. మట్టి దారం విప్పిన కుట్టులా వరసగా తెరుచుకుంటూ వచ్చింది. మూల నుంచి కుర్చీ దాకా. కుర్చీ దాటి గురువుగారి చెప్పు కింది దాకా. అక్కడ తీగ బిగిసి ఆగింది.

"కాస్త కాలు తీస్తారాండీ" అంది అక్క.

ఆయన కాలు తీశాడు. నాన్న గునపం గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, లోపలికి వచ్చి నా గది గొళ్ళెం తీశాడు. తలుపు తీశాక ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కిటికీ అవతలున్న అక్క వైపు చూసి, మరి దీనికేం చేయాలమ్మా అని అడిగాడు. ఇంజను గురించి మరో మేస్త్రీని అడిగినట్టు మామూలుగా అడిగాడు.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఇది మెదడుకి సంబంధించిన మామూలు జబ్బని, దీన్ని మూర్ఛ అంటారని, మందులు మానకుండా వాడాలని డాక్టరు చెప్పాడు. పడిపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతులు బిగించి పట్టకూడదు. మామ్మ అన్నీ వింది. అయినా తాయెత్తు విప్పనివ్వలేదు. మాత్రలూ తాయెత్తూ కలిసి కొన్నాళ్ళు నడిచాయి. ఫిట్సు ఒక్కసారిగా పోలేదు. బడికి వెళ్ళాక కూడా ఒకసారి పడిపోయాను. అయితే ఈసారి లేచి, మూతి తుడుచుకుని, మళ్ళీ బల్ల మీదే కూర్చున్నాను.

అక్కకి మాత్రం అంత తేలికగా గడవలేదు. గోడ అవతలి జనం మొదటి మాటే విన్నారు: పాతింది నేనే. ఆ తర్వాత జరిగినదంతా వాళ్ళకి అక్కర్లేకపోయింది. ట్యూషన్ పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకరోజు నేను, నువ్వా మాట అనకుండా ఉండాల్సింది కదక్కా అన్నాను. పాతానని ఒప్పుకోకపోతే ఆయన గీత గీసేవాడు కాదు, గీయకపోతే మీ నాన్న తవ్వేవాడు కాదు అంది. ఇంకొకటి కూడా చెప్పింది. వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు వాళ్ళ చర్చి సంఘంలోంచి ఒకాయన ప్రార్థన నూనె పట్టుకొచ్చి, నడిపిస్తానన్నాడట. ఏ రోజుకి నడుస్తుందో చెప్పమని ఈవిడ అడిగిందట. ఆయన మళ్ళీ రాలేదు, మిగతా బంధువులూ రావడం తగ్గించారు. అంటే ఏం పోతుందో ముందే తెలిసి దొడ్డిలోకి వచ్చింది. నిమ్మకాయవాడినీ నూనెవాడినీ ఒకే ప్రశ్నతో కొలిచిన మనిషి ఆవిడ.

ఆ రోజు నుంచి నేను మోసుకొస్తున్నది ఇదే. ఎంత మంచిగా, ఎంత సాక్ష్యంతో వివరించినా భయపడ్డ మనిషి వినడు. పెద్దయ్యాక నేనూ ఇలాంటి నమ్మకాల మీద వేదికలెక్కి చాలా వాదించాను, చాలా గొంతు చించుకున్నాను. మనుషుల్ని కదిలించింది నా వాదన కాదు. జవాబు తప్పయితే తప్పని అందరికీ కనపడేలా అడిగిన ప్రశ్నే కదిలించింది. అలా అడిగినందుకు ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. మా వీధిలో ఒక ఆడది చెల్లించింది కాబట్టే నేను స్తంభానికి కట్టబడలేదు.

మీ వీధిలో ఇప్పుడు ఎవరు చెల్లిస్తారు? మీ చుట్టాల్లోనో, మీ పక్క వాటాలోనో ఫిట్సొచ్చే పిల్ల ఉందని మీకు తెలుసు. తెలిసీ, వాళ్ళింటి విషయం మనకెందుకని ఊరుకున్నారు. ఇక ఊరుకోకండి. ఇవాళే వెళ్ళి ఆ తలుపు తట్టండి. పిల్లని బయటికి తీసుకురండి. ఆసుపత్రిలో చూపించండి. అడ్డొచ్చినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి అడగండి. మీకు చెడ్డపేరు వస్తుంది. రానివ్వండి. వెళ్ళండి.